ఖాళీ ఇంటికి ఇరవై ఎనిమిది రోజుల కాపలా

2020 ఏప్రిల్ మూడో వారంలో నన్ను తిరుపతి ఆఫీసు నుంచి నగరి అవతల, తమిళనాడు సరిహద్దును ఆనుకుని ఉన్న ఒక చిన్న ఊరికి డెప్యుటేషన్ మీద పంపారు. ఊరి పేరు రాయను. ఆ ఊరివాళ్లు అప్పుడు ఒకసారి అన్యాయంగా టీవీకెక్కారు, మళ్లీ నా చేతుల మీదుగా ఎందుకు? ఉత్తర్వులో నా హోదా 'కంటైన్‌మెంట్ జోన్ పర్యవేక్షణాధికారి'. ఊపిరి బిగబట్టి చదవాల్సిన ఈ హోదాతోపాటు ఒక జీపు, సగం ఖాళీ అయిన శానిటైజర్ డబ్బా, చెవికి ఒకవైపు మాత్రమే తాడున్న మాస్కు ఇచ్చారు.

నా అసలు ఉద్యోగం డిప్యూటీ తహసీల్దారు. రెవెన్యూ శాఖ తెలియనివాళ్ల కోసం చెబుతాను. తహసీల్దారు సంతకం పెట్టక ముందు కాగితాన్ని మోసేవాడు, పెట్టిన తర్వాత తిట్లను మోసేవాడు డిప్యూటీ తహసీల్దారు. ఆ రోజుల్లో నా ఫోన్‌లో ఏడు వాట్సాప్ గ్రూపులుండేవి. ఆరింటిలో ఉత్తర్వులు వచ్చేవి. ఆ ఆరింటిలో ఎవరు జవాబివ్వలేదో చెప్పడానికి ఏడోది.

పని పద్ధతి ఇది. ఎవరికైనా పాజిటివ్ అని తేలితే జిల్లా కంట్రోల్ రూమ్ నుంచి 'లైన్ లిస్ట్' వస్తుంది. అందులో రోగి పేరు, వయసు, ఇంటి నంబరు, ఫోన్ నంబరు ఉంటాయి. అది అందిన రెండు గంటల్లో వీధికి రెండువైపులా సరుగుడు కట్టెలతో బారికేడ్ కట్టాలి. దాని ఫొటో గ్రూపులో పెట్టాలి. రోగి ఇంటితో మొదలుపెట్టి బయటివైపుకు హైపోక్లోరైట్ మందు కొట్టించాలి. ఇంట్లోవాళ్లను, అంటే ప్రైమరీ కాంటాక్టులను, క్వారంటైన్‌కు పంపాలి. ఆ రోజు నుంచి ఇరవై ఎనిమిది రోజులు వీధిలోకి ఎవరూ రాకూడదు, వీధిలోంచి ఎవరూ పోకూడదు.

నేను వెళ్లిన ఐదో రోజు పొద్దున, ఇంకా పళ్లు తోముకుంటుండగా లిస్ట్ వచ్చింది. పేరు మునిరత్నం, వయసు నలభై ఒకటి, చిరునామా నేతవాళ్ల వీధి. నోట్లో నురగతోనే జీపెక్కాను. వెనక ట్రాక్టర్ నిండా కట్టెలతో వీఆర్వో సుధాకర్, దాని వెనక స్కూటర్ మీద జ్వరం చూసే తుపాకీతో ఏఎన్ఎం సరోజమ్మ. మా ఊరేగింపు చూసి దారిలో ఉన్న మూడు టీకొట్ల తలుపులు, అవి మూసే ఉన్నా సరే, మళ్లీ మూసుకున్నాయి.

వీధి మొదట్లో జీపు ఆగిపోయింది. వీధి పొడవునా, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా, మిరపపండు రంగు పడుగు చాచి ఉంది.

పడుగంటే మగ్గం మీద నిలువుగా ఉండే దారాలు. మగ్గానికి ఎక్కించే ముందు వాటికి గంజి పట్టించాలి. అరవై గజాల పొడవుండే దారాలను ఇంట్లో చాచలేరు కాబట్టి ఆ పని తెల్లవారుజామున వీధిలో చేస్తారు. రెండు చివర్లా వెదురు కర్రలు కత్తెరలాగా నిలబెట్టి, మోకులతో లాగి కడతారు. గంజి తడి ఆరేలోపు అటూ ఇటూ మనుషులు నిలబడి పెద్ద పెద్ద కుంచెలతో దువ్వుతూనే ఉండాలి. దువ్వడం మధ్యలో ఆపితే దారాలు ఒకదానికొకటి అతుక్కుని చాప అవుతాయి. అది ఒక్క ఇంటివాళ్లతో అయ్యే పని కాదు. ఈరోజు నీ పడుగుకు వీధంతా వస్తుంది, రేపు వాళ్ల పడుగుకు నువ్వు పోతావు. ఆరడుగుల దూరం అనే మాట పుట్టక ముందు పుట్టిన పద్ధతి అది.

ఆ పడుగు గోవిందప్పది. అరవై దాటిన మనిషి, నా మాస్కు తాడు కన్నా సన్నగా ఉన్నాడు. చేతిలో కుంచె దించకుండానే నన్ను చూశాడు.

"సార్, ఇప్పుడే గంజి పట్టించినాము. రెండు గంటలు ఇడిసిపెట్టండి సార్. ఆ పైన మీరు కట్టెలు కాదు, కోట కట్టుకున్నా నేనేమీ అనను."

ఎవరి నూలని అడిగాను. షావుకారు ఇచ్చిన ఆఖరు నూలట. లాక్‌డౌన్‌తో లారీలు ఆగిపోయాయి, షావుకారు కొట్టు మూసి ఊరు వెళ్లిపోయాడు. ఈ పడుగు మగ్గం ఎక్కితే నెలన్నర పని. పాడైతే మళ్లీ నూలు ఎప్పుడొస్తుందో దేవుడికి కూడా లైన్ లిస్ట్ రాలేదు.

ముందు రోగి ఇల్లు చూద్దామని నడిచాను. తలుపుకు తాళం. ఆ తాళానికి పట్టిన తుప్పును గోకితే ఇంకో తాళం చేయొచ్చు. గడప పగుల్లో ఉమ్మెత్త మొక్క మొలిచి, పూసి, కాసింది.

"మునిరత్నమా?" అన్నాడు గోవిందప్ప, అక్కడి నుంచే. "ఆయప్ప ఈడ యాడుండాడు సార్? ఇల్లు ఇడిసిపెట్టి తొమ్మిదేండ్లాయె. మెట్టినూరికి పొయినాడు, అవతలికి, అత్తోళ్ల దగ్గిరికి."

"మెట్టింది పెండ్లాము కదా మామా, ఆయప్ప ఎట్ల మెట్టేది?" అని అవతలి వరసలో ఒకామె కుంచె ఆపకుండానే సరిచేసింది. వీధంతా నవ్వింది. నేను నవ్వలేదు. గ్రూపులో అప్పటికే 'స్టేటస్?' అని రెండుసార్లు వచ్చింది.

లిస్ట్‌లోని నంబరుకు ఫోన్ చేశాను. మునిరత్నమే తీశాడు. సరిహద్దుకు అవతల ఒక ఆస్పత్రి వార్డులో ఉన్నాడు. దగ్గుకూ దగ్గుకూ మధ్య చెప్పాడు. "నేనాడికొచ్చి రెండేండ్లాయె సార్, మా పెద్దమ్మ కర్మకొచ్చిందే. ఆధార్ ఇమ్మంటే ఇచ్చినా. దాంట్లో ఆడి అడ్రసే ఉండాది."

సరిహద్దులో ఇది మామూలు సంగతి. మనిషి అవతల ఉంటాడు, కార్డు ఇవతల ఉంటుంది. మార్చుకోబోతే ఉన్నది పోయి కొత్తది రాదేమోనని భయం. అవతలి ల్యాబ్ కార్డు చూసి, ఈ రోగి మీవాడే అంటూ మన జిల్లాకు పేరు పంపింది. ఎవరి పని వాళ్లు తూచా తప్పకుండా చేశారు. మనిషి ఎక్కడున్నాడని అడగడం ఒక్కటే ఎవరి పనీ కాలేదు.

కంట్రోల్ రూమ్‌కు చేశాను. ఫోన్ తీసినాయన ఎవరో నాకు ఈనాటికీ తెలియదు. ఆయన గొంతు మాత్రం నా పెన్షన్ కాగితాల మీద కూడా వినిపిస్తుంది.

"సార్, ఆ మనిషి తొమ్మిదేళ్లుగా ఈ ఊళ్లో లేడు."

"ఆధార్‌లో ఉన్నాడు కదండీ."

"ఆధార్‌లో ఉంటే వైరస్ వీధిలో ఎలా ఉంటుంది సార్?"

"ప్రెస్ నోట్ వెళ్లిపోయింది. టీవీలో స్క్రోలింగ్ కూడా వస్తోంది. ఇప్పుడు లేడంటే ఎలా? అరగంటలో బారికేడ్ ఫొటో రావాలి. ట్రాక్టర్ స్ప్రేయర్ బయల్దేరింది."

స్ప్రేయర్ మాట వినగానే సరోజమ్మ నా వైపు, నేను పడుగు వైపు చూశాం. హైపోక్లోరైట్ అంటే బట్టల రంగు పోగొట్టే మందు. తడి గంజితో ఉన్న ఎర్ర నూలు మీద అది పడితే గోవిందప్ప నేసేది చీర కాదు, బొల్లి మచ్చల దుప్పటి.

వీధిలో జబ్బు లేదని నాకు అప్పటికి ఖాయంగా తెలుసు. అయినా గుంపుగా నిలబడనిస్తే నా ఉద్యోగం ఆ పూటే ముగుస్తుంది. సుధాకర్ చేత సున్నం తెప్పించి పడుగు పొడవునా గీతలు గీశాను. ఏ ఇంటి ముందు ముక్క ఆ ఇంటివాళ్లే దువ్వాలి, ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి, గీత దాటకూడదు. ఇరవై మూడేళ్ల సర్వీసులో ఒక్క అప్పీలూ రాని సర్వే అదొక్కటే. వియ్యపురాలి గీతలోకి కుంచె చాచిన ఒకామెను మాత్రం హెచ్చరించాల్సి వచ్చింది. "మీ సున్నానికేం తెలుసు సార్, అది సరింగా దువ్వదు," అందామె.

ఇక ఫొటో. కట్టెలు పాతాలంటే పడుగు తీయాలి, తీస్తే పోయింది. వీధి మొదట్లో వెదురు కత్తెర, మోకులు, వాటి వెనక పడుగు చివర అడ్డంగా ఎర్రటి పట్టీలా కనిపిస్తోంది. వెదురు కర్రకు 'లోపలికి ప్రవేశం లేదు' అన్న ఫ్లెక్సీ తగిలించి, నేలమీద కూర్చుని, మనుషులు పడకుండా ఫొటో తీశాను. కింద ఏమీ రాయలేదు. రాయకపోవడం నేరం కాదని నా అప్పటి అభిప్రాయం. గ్రూపులో మూడు బొటనవేళ్లు, వాటి కింద ఒక సందేశం వచ్చాయి: 'ఎర్ర రిబ్బన్ ఆలోచన బాగుంది. మిగతా జోన్లలో కూడా పాటించగలరు.' పది నిమిషాల్లో నలుగురు డిప్యూటీ తహసీల్దార్లు ఫోన్ చేసి, అంత వెడల్పు రిబ్బన్ ఏ కొట్లో దొరికిందని అడిగారు. ఒకాయన పాపం పెళ్లిపందిరి సామానువాడి షాపు తెరిపించాడట.

అంతలో స్ప్రేయర్ ట్రాక్టర్ రానే వచ్చింది. "జరగండప్పా, ఇంకా మూడూర్లుండాయి" అంటూ డ్రైవర్ గొట్టం విప్పాడు. గోవిందప్ప కుంచె పారేసి ట్రాక్టర్ ముందుకొచ్చి నిలబడ్డాడు. అరవలేదు, ఏడవలేదు. "నా మీద కొట్టు నాయనా, నాకు రంగు లేదు, పొయ్యేదేమీ లేదు" అన్నాడు. డ్రైవర్ గొట్టం దించి నన్ను చూశాడు.

నాకు రక్షణగా దొరికింది సర్క్యులరే. రోగి ఇంటితో మొదలుపెట్టాలని అందులో స్పష్టంగా ఉంది. రోగి ఇంటికి తాళం. తాళం పగలగొట్టాలంటే పంచనామా రాయాలి, అంటే ఇద్దరు పెద్దమనుషుల ముందు జరిగింది జరిగినట్టు రాసి సంతకాలు తీసుకోవాలి. నేను పంచనామా మొదలుపెట్టాను. నాలుగు హద్దులూ రాశాను. తుప్పు రంగు వర్ణించాను. ఉమ్మెత్త కాయలు లెక్కపెట్టించి, తప్పు పోయిందేమోనని మళ్లీ లెక్కపెట్టించాను. సాక్షులిద్దరికీ శానిటైజర్ పోసి, ఆరనిచ్చి, చదివి వినిపించి, అర్థం కాలేదంటే మళ్లీ చదివాను. డ్రైవర్ ట్రాక్టర్ మీదే నిద్రపోయాడు. గంటన్నర గడిచాక తాళం ముట్టుకుంటే ఊడి చేతికొచ్చింది.

లోపల గోడకు తొమ్మిదేళ్ల కిందటి క్యాలెండరు వేలాడుతోంది. మగ్గం గుంతలో ఒక కుక్క, నాలుగు పిల్లలు. పెరటి గోడ కూలిన సందులోంచి కాపురం పెట్టినట్టుంది. సరోజమ్మ ఫారం తెరిచి, "ప్రైమరీ కాంటాక్టులు ఐదని రాసేదా సార్?" అని అడిగింది.

మేము బయటికొచ్చేసరికి పడుగు ఆరింది. వీధివాళ్లు దాన్ని చుట్టి గోవిందప్ప ఇంట్లోకి మోసుకుపోతున్నారు. ఆయన వాకిలి దాటాకే డ్రైవర్‌ను లేపాను. తలుపు మూసుకున్న రెండు నిమిషాలకు వీధి తెల్లగా తడిసింది. నా నల్ల ప్యాంటు మీద పడిన తుంపర్లు మధ్యాహ్నానికి ఇటుక రంగుకు తిరిగాయి. ఆ ప్యాంటు చూపించి గోవిందప్ప, "సూడుమే, మన పడుగూ ఇట్లే అయ్యేది" అని తన పెండ్లానికి చెప్పాడు.

క్యాలెండరు ఫొటో, పంచనామా, మునిరత్నం మాటలు జతచేసి జోన్ ఎత్తేయమని ఆ సాయంత్రమే నివేదిక పంపాను. జోన్ ఎత్తాలంటే ఇరవై ఎనిమిది రోజులు కొత్త కేసు రాకూడదని జవాబొచ్చింది. కేసే లేని వీధిలో కొత్త కేసు రాలేదని రోజూ సాయంత్రం ఐదింటికి నేను రాసి పంపాను. పక్క వీధివాళ్లు దారికి ముళ్లకంప వేశారు. పాలమనిషి చెంబులను దూరం నుంచి కర్రతో అందించాడు. లోపల గోవిందప్ప మగ్గం మాత్రం పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా ఆడింది.

నాకు అసలు కోపం తెప్పించింది వేరే సంగతి. మునిరత్నం నిజంగా ఉంటున్న ఇంట్లో, అవతలి ఊళ్లో, అతని భార్య, అత్త, ఇద్దరు బావమరుదులు ఉన్నారు. కేసు ఇవతల లెక్కలో ఉంది కాబట్టి నాలుగు రోజులు వాళ్ల తలుపు ఎవరూ తట్టలేదు. నేను రోజుకు రెండుసార్లు రెండు రాష్ట్రాల కంట్రోల్ రూమ్‌లకూ ఫోన్ చేశాను. ఐదో రోజు అక్కడికి మనుషులు వెళ్లేసరికి అత్తకు జ్వరం మొదలైంది. ఆమె, మునిరత్నం ఇద్దరూ కోలుకున్నారు. అందులో మా గొప్పతనం ఏమీ లేదు.

లైన్ లిస్ట్‌లో 'ప్రస్తుతం ఉంటున్న చోటు' అని ఒక గడి చేర్చమని మూడు పేజీల లేఖ రాశాను. ఆశ్చర్యం, చేర్చారు. నెల తిరగకుండా కొత్త ఫారంతో మొదటి లిస్ట్ వచ్చింది. పదకొండు పేర్లు. పదకొండింటికీ ఆ గడిలో 'పై విధంగానే', అంటే ఆధార్‌లో ఉన్న చిరునామానే, అని నింపి ఉంది.

ఆ పదకొండు ఇళ్లకూ కట్టెల ట్రాక్టర్ బయల్దేరక ముందే నేను స్వయంగా వెళ్లాను. మూడింటికి తాళాలున్నాయి. రాత్రి ఎక్కడ పడుకున్నావని మనిషిని అడగకుండా ఇంటి చుట్టూ కట్టెలు పాతకూడదు. ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది అంతే. స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకునే దాకా అలాగే అడిగాను. అందువల్ల ఫొటోలు ప్రతిసారీ ఆలస్యమయ్యాయి, దానికి రెండు మెమోలు అందుకున్నాను.