గోపురం కనిపించే పొలం

యుమ్మా ఇక లేరన్న కబురు నాకు మొదట తెచ్చింది మా చెల్లెలు. నేను పని మానేశాక ఆవిడ ఇంట్లోనే నా బదులు కుదిరి ఇప్పటికీ అక్కడే ఉన్న మా చెల్లెలు, సెలవు దొరికిన శుక్రవారం ఎప్పటిలాగే బస్సెక్కి, కువైట్‌లోనే హవల్లీ అనే పేటలో నేనుంటున్న మా అమ్మాయి వాళ్ళ ఫ్లాటుకి వచ్చింది. ప్రార్థన కూడికకి వేళవుతోందని నేను చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూంటే, చెప్పులైనా విడవకుండా గుమ్మంలోనే నిలబడి, "అక్కా, యుమ్మా ఎల్లిపోయారే. నమాజు చదువుకుని పడుకున్నారంట, మళ్ళీ లేవలేదు" అంది.

యుమ్మా అంటే ఇక్కడి అరబీలో అమ్మ. ఆ ఇంటి యజమానికి ఆవిడ తల్లి; కొడుకూ కోడలూ మనవలూ పనివాళ్ళమూ అందరం ఆ ఒక్క పిలుపుతోనే పిలిచేవాళ్ళం కాబట్టి ఆవిడ అసలు పేరేమిటో నాకు ఇవాళ్టికీ తెలియదు. ఆ రోజు కూడికలో మోకాళ్ళ మీద ఉన్నంతసేపూ నా కళ్ళ ముందు నిలిచింది కువైట్‌లోని ఆ పెద్ద ఇల్లు కాదు, ఎప్పుడో ఒక్క వేసవిలో చూసిన ఇంగ్లండు పొలం.

నేను బడికి వెళ్ళినదాన్ని కాను. గోదావరి లంకలో మా ఇంటి అరుగు మీద ఇసక పోసి, వేలు పట్టుకుని అక్షరాలు దిద్దించిందీ, పొద్దున్నే మోకరించడం నేర్పిందీ మా అమ్మే. ఆ అలవాటుతోనే కువైట్ వచ్చిన కొత్తలో, వంటింటి పక్క బియ్యం బస్తాల గదిలో తలుపు దగ్గరగా వేసుకుని ప్రార్థన చేసుకునేదాన్ని. ఒకరోజు యుమ్మా ఏదో కావలసి ఆ తలుపు తీశారు. నా పని అయిపోయిందనుకున్నాను. ఆవిడ ఒక్క క్షణం చూసి, చప్పుడు కాకుండా తలుపు మూసి వెళ్ళిపోయారు. ఆ తరువాత ఆ వేళకి నన్నెవరు కేకేసినా ఆవిడే ఆగమనేవారు. దేవుడితో మాట్లాడుతున్న మనిషిని మధ్యలో పిలవకూడదని ఆవిడ పద్ధతి. తాను నమాజులో ఉంటే ఇల్లు కూలినా పలికేవారు కారు. పరాయి దేశంలో నా కోసం అలా మూసుకున్న ఆ తలుపు గురించి నేను దేవుడికి ఎన్నిసార్లు కృతజ్ఞతలు చెప్పుకున్నానో.

ఆ వేసవిలో వాళ్ళంతా ఎండలు తప్పించుకోవడానికి ఇంగ్లండు వెళుతూ, చంటిపిల్లని చూసుకోవడానికి నన్నూ తీసుకువెళ్ళారు. నోరు తిరగని పేరున్న ఒక చిన్న ఊరి చివర ఇల్లు అద్దెకి తీసుకున్నారు. యజమానిని మేము బాబా అంటాం. ఆయన మేము అక్కడికి చేరిన రోజునే దిక్సూచి చూసి, తల్లికి చాప ఎటు వేయాలో చూపించి, దూరంగా కనబడే చర్చి గోపురం ఎడమ భుజం వైపు పడేలా నిలబడితే చాలు, అదే మక్కా దిక్కు అన్నారు. రోజూ ఆ చాప వేసేదాన్ని నేనే. యుమ్మా కిటికీలోంచి గోపురం చూసుకుని, నా వైపు తిరిగి, "చూశావా, మీ గుడి నాకు దారి చెబుతోంది. రేపు నన్ను కూలి అడుగుతుందేమో" అని నవ్వేవారు.

పక్కింటి ఇంగ్లీషు ముసలావిడ ఒక నడకదారి గురించి చెప్పింది. ఏటి పక్కనుంచి పొలాల మీదుగా చుట్టుకుని ఊళ్ళోకి వచ్చే చదునైన దారి, పిల్లలూ పెద్దలూ అందరూ నడుస్తారట. ఎవరి పొలంలోంచి వెళ్ళినా అడిగేవాడు లేడనీ, గేటు తీసినవాళ్ళు మళ్ళీ వేస్తే చాలనీ వింటే నాకు మా లంక గట్లు గుర్తొచ్చి ప్రాణం లేచి వచ్చింది. మావాళ్ళకి నడక అంటే మాల్‌లో చల్లగా తిరగడమే కాబట్టి ఇల్లు ఖాళీ చేసినట్టు బయల్దేరాం: ఫ్లాస్కు నిండా గహ్వా కాఫీ, ఖర్జూరాలు, దిండ్లు, మడత కుర్చీ. యుమ్మా నమాజు చాప నా బుట్టలో ఉంది.

ముందు బాబా, ఆయన వెనక మామా, అంటే ఆ ఇంటి కోడలు, మధ్యలో ఆగుతూ నడుస్తూ యుమ్మా, అందరికన్నా చివర నేను. పనిమనిషి వెనక ఇంకెవరూ నడవకపోవడం ఆ ఇంటి ఆనవాయితీ. అందుకే నేను వెనక్కి చూడలేదు, నేనున్నానని వాళ్ళూ చూడలేదు. తల దించుకుని జోకొడుతూ నడుస్తూంటే పిల్ల నా భుజం మీద నిద్రపోయింది. మబ్బు పట్టి, చెట్ల కింద సందెవేళలా అయింది. ముందురాత్రి వానకి ఏరు ఎర్రగా ఒడ్డు ఒరుసుకుని పారుతోంది, దారంతా జారుడు. ఒక గేటు దగ్గర బాబా ఆగి, తల్లికి చెయ్యి అందిద్దామని వెనక్కి తిరిగారు. యుమ్మా లేరు.

"యుమ్మా నీ దగ్గర కదా ఉంది" అంది మామా నాతో. మీ దగ్గర ఉన్నారనుకున్నానన్నాను నేను. బాబా మొహం పాలిపోయింది. ఆయన ఏటివైపు పరుగెత్తారు, బురదలో జారి, లేచి, నీళ్ళలోకి వంగిన కొమ్మల్ని ఒక్కొక్కటే పక్కకి తోసి చూడడం మొదలుపెట్టారు. మామా యుమ్మా, యుమ్మా అని పిలుస్తూనే ఉంది. అంత పిలిచినా ఎక్కడో కాకులు తప్ప ఏదీ బదులు పలకలేదు. మోకాళ్ళ నొప్పుల మనిషి, ఒంటరిగా ఎంత దూరం పోగలదు? పలకగలిగితే పలికి ఉండేదే అన్నారు బాబా.

ఆ మాటతోనే నాకు తట్టింది. పలకలేకపోవడం ఒకటి, పలకకపోవడం ఒకటి. అసర్, అంటే పొద్దు వాలే ముందు చేసే నమాజు వేళ అయింది. నమాజులో ఉంటే పలకరు. నమాజు చెయ్యాలంటే దిక్కు తెలియాలి, ఆ దేశంలో ఆవిడకి తెలిసిన దిక్కు గోపురం ఒక్కటే. ఏటి పల్లంలో ఈ చెట్ల మధ్యనుంచి గోపురం కనిపించదు. పిల్లని మామా చేతుల్లో పెట్టి, బుట్ట అక్కడే దించి, వచ్చిన దారినే పరుగెత్తాను.

దారికి పైన చిన్న మెరక, దాని అంచున కంచె. అక్కడ గేటు పక్కన గడ్డిలో యుమ్మా చెప్పులు రెండూ, కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళినట్టు, ఒద్దికగా పెట్టి ఉన్నాయి. గేటు అవతల పచ్చిక మధ్యలో ఆవిడ తన శాలువా పరుచుకుని, గోపురాన్ని ఎడమ భుజానికి పెట్టుకుని, నమాజు చేసుకుంటున్నారు. హమ్మయ్య అనుకోబోయేసరికి కోడెలు కనబడ్డాయి. నల్లటివి, మా ఊరి ఎడ్లకన్నా ఎత్తైనవి, ఒక మంద, ఇదేమిటో చూద్దామన్నట్టు నలువైపులనుంచీ ఆవిడ చుట్టూ మూగుతున్నాయి. ఒకటి తల వంచి శాలువా అంచు వాసన చూస్తోంది. యుమ్మా సజ్దాలో, నుదురు నేలకి ఆనించి ఉన్నారు.

చెయ్యి పట్టుకుని లాగేద్దామన్నంత ఆత్రం కలిగింది. కానీ ఆ బియ్యం బస్తాల గది తలుపు జ్ఞాపకం వచ్చింది. వెళ్ళి ఆవిడకి వీపు పెట్టి, రెండు చేతులూ చాచి, వాటికెదురుగా నిలబడ్డాను. నేను ముందుకి అడుగేస్తే అవి వెనక్కి తగ్గేవి, అంతలో వెనకవైపువి దగ్గరికొచ్చేవి. ఆవిడ చుట్టూ మెల్లిగా తిరుగుతూ, అరవడానికి లేక, తండ్రీ తండ్రీ అని లోలోపలే మొర పెట్టుకుంటున్నాను. వాటి ఊపిరి వేడిగా నా మోచేతులకి తగులుతోంది. ఒకటి కాలితో నేల గీరింది. జీవితంలో అంత పొడుగు నమాజు నేను చూడలేదు.

చివరికి నమాజు ముగిస్తూ యుమ్మా కుడివైపు తల తిప్పి సలాం చెప్పారు, ఎడమవైపు తిప్పారు. అక్కడ ఒక కోడె మొహం ఆవిడ మొహానికి మూరెడు దూరంలో ఉంది. ఆవిడ దాన్ని చూశారు, నన్ను చూశారు, నా చెయ్యి పట్టుకుని లేచారు.

"వీటికి నేను భయపడలేదు. నీ పళ్ళు టకటకలాడుతుంటే మాత్రం నమాజు లెక్క తప్పుతుందేమోనని భయమేసింది. యల్లా, పద" అన్నారు.

గేటు వేసేసరికి బాబా ఒళ్ళంతా బురదతో వచ్చి తల్లిని పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చారు. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. తిరుగుదారిలో మాత్రం యుమ్మా నన్ను ముందు నడవమని, తాను నా వెనక నడిచారు.

ఆ సాయంత్రం ఆవిడ మోకాళ్ళకి నూనె రాస్తూ, నాకొచ్చిన ముక్కల అరబీలో అడిగాను: చాప నా బుట్టలోనే ఉంది కదా, ఒక్క మాట పిలిస్తే ఇచ్చేదాన్ని కదా అని.

"పిల్ల అప్పుడే నిద్రపోయింది. నీ రెండు చేతులూ ఖాళీ లేవు" అన్నారు.

ఇప్పుడు ఆ ఇంట్లో అందరి ఫోన్లలోనూ మక్కా దిక్కు చూపించే ముల్లు ఉందనీ, ఎవరు ఎక్కడ ఉన్నారో కూడా చుక్కల్లా కనబడుతుందనీ మా చెల్లెలు చెప్పింది. ఆనాడు నా భుజం మీద నిద్రపోయిన పిల్లే ఇప్పుడు తన పిల్లల్ని తీసుకుని ఏటేటా అదే దారిలో నడిచి వస్తోందట, ఎవరూ తప్పిపోవడం లేదట. మంచిదే, దేవుడికి స్తోత్రం. ఆ రోజు బాబా పడిన క్షోభ ఏ బిడ్డకీ వద్దు. కానీ ఒక మనిషి ఏ వేళకి ఏ చోటు వెతుక్కుంటుందో పక్కనున్నవాళ్ళకి తెలియవలసిన అవసరం కూడా దానితోపాటే తీరిపోయినట్టుంది. చుక్క చూపిస్తుంది, మనం వెళ్ళి పిలుస్తాం.

ఇది చదువుతున్న నా ఈడు అక్కచెల్లెళ్ళని ఒక్కటే అడుగుతున్నాను. మీరు ఏ దిక్కుకి తిరిగి మొక్కేవాళ్ళైనా సరే, ఇవాళ మీ ప్రార్థన చివర ఒక్క క్షణం ఆగి, పనిమనిషి చేతులు ఖాళీ లేవని తానే శాలువా పరుచుకున్న ఆ ముసలావిడని తలుచుకోండి. పేరు తెలియకపోతే ఫరవాలేదు. యుమ్మా అనుకోండి చాలు.