లస్కరు సుబ్బన్నగారు అడిగిన పేరు

నిన్న సాయంత్రం మా వీధి ప్లీడరుగారు, రాజమండ్రిలో ఇంకెవరింటా లేని తన కొత్త పాడే పెట్టెను వినడానికి రమ్మని కబురు పెట్టారు. నల్లటి పళ్లెం తిరగడం మొదలవగానే పాట రాలేదు. పోపులో ఆవాలు చిటపటలాడినట్టు చప్పుడు వచ్చింది. ఆ చిటపటల వెనకనుంచి, నూతిలోంచి పిలిచినట్టుగా ఒక ఆడమనిషి గొంతు. ఏ భాషో నాకు తెలియదు. పాట అయిపోయాక మాత్రం, చోటు చాలదేమోనన్నట్టు గబగబా తన పేరు చెప్పుకుంది. వచ్చినవాళ్లంతా నవ్వారు. నేను కళ్లు తుడుచుకున్నాను. ముసలాయన సంగీతానికి కరిగిపోయాడని ప్లీడరుగారు పక్కవాళ్లకు చూపించారు కూడా. అది కాదు. పాట చివర పేరు చెప్పాలని నాకు నేర్పిన మనిషి గుర్తుకొచ్చారు.

ఆయన లస్కరు సుబ్బన్నగారు. నరసాపురం పోయే కాలువ మీద ఒక లాకు ఆయన చేతిలో ఉండేది. కాలువ మట్టం తగ్గే చోట పడవను రెండు తలుపుల మధ్య నిలిపి, మెల్లగా నీళ్లు దించి, కింది కాలువలోకి వదలడం ఆయన పని. నెత్తిన తడి తువ్వాలు, సగం తెల్లబడ్డ మీసం, కప్ప కూడా జాలిపడే గొంతు. వచ్చిన ప్రతి పడవనూ రెండు ప్రశ్నలు అడిగేవారు: ఎవరి పడవ, ఏం సరుకు. నీళ్లు దిగేలోపు ఆ పడవలో పాట వచ్చినవాళ్లెవరైనా ఉంటే పాడించుకునేవారు. దానికీ రెండే ప్రశ్నలు: ఎవరి పాట, ఏ ఊరిది. అవి చెప్పకుండా పాట కూడా ఆయన లాకు దాటకూడదు.

నాకప్పుడు ఇరవయ్యారేళ్లు. గోదావరికి ఆ ఒడ్డునా ఈ ఒడ్డునా నన్ను మించిన గాయకుడు లేడు. అంటే, అప్పటికి నేను విన్న గాయకులు నలుగురు. వాళ్లలో ఇద్దరు నాకంటే బాగా పాడేవారు. నరసాపురం దగ్గర ఒక జమీందారుగారి కొలువులో పాటగాడి ఉద్యోగం ఖాళీ అయిందని తెలిసి, ఇంట్లో ఉన్న ఒక్క మంచి పంచె కట్టుకుని పడవెక్కాను. ఆ ఉద్యోగం రాకపోతే మా మామగారి ధాన్యం కొట్లో కూర్చోవాలి. అదీ నా పరిస్థితి.

లాకులోకి రాగానే సుబ్బన్నగారు పైనుంచి అడిగారు.

“ఏం సరుకండి?”

“సంగీతం,” అన్నాను.

“ఎన్ని బస్తాలండీ, పంతులుగారూ?”

పడవవాళ్లు నవ్వారు. ఈ లస్కరుకు సంగీతమంటే ఏమిటో చూపిద్దామని తోడి ఎత్తుకున్నాను. నేను పై షడ్జానికి ఎక్కుతున్నకొద్దీ పడవ కిందికి దిగుతోంది. వినేవాళ్లంతా గట్టుమీద, నేను నిలువులోతు గోతిలో. రాగం సగంలో ఉండగానే నీళ్లు సమమైపోయాయి. ఆయన చాలా మర్యాదగా, సరుకు మంచిదేగానీ దింపుకోడానికి ఇక్కడ జాగా చాలదండీ అన్నారు.

సరిగ్గా అప్పుడే కింది తలుపు బందు విరిగింది. నా పాటకే విరిగిందని పడవవాళ్లు ఊరూరా చెప్పారు. మరమ్మతు అయ్యేదాకా పడవలన్నీ ఎక్కడివక్కడే. ఆ లాకు గట్టున మూడు నెలలు శిష్యరికం చేశానని నేను చెబుతుంటాను. పదకొండు రోజులు. అందులో నాలుగు రోజులు అలిగి పడవలోనే కూర్చున్నాను.

మిగిలిన ఏడు రోజులూ చాలు. తోలుబొమ్మలాటవాళ్ల మద్దెల విన్నాను. ఉప్పాడ నుంచి చీరలు తెస్తున్న నేతగాడు పడుగు పోగులు లెక్కపెట్టే పాట విన్నాను. పీర్ల పండక్కి పాడే శోకం ఒక దూదేకుల తాత పాడితే, ఎవరికోసమో తెలియకుండానే అందరం ఏడ్చాం. మిషను బడి ఉపదేశి కోతల పాట వరసలో ఏసుప్రభువును పిలిచాడు. ఇదంతా పాటేనా అని నేను ముక్కు విరిస్తే సుబ్బన్నగారు వాదించేవారు కాదు. కాస్త జరిగి నాకు చోటిచ్చేవారు.

ఒకరోజు, ఆ లాకు ఎన్నేళ్లుగానో దాటుతున్న పోలమ్మ అనే ఆవిడ ఎండుచేపల గంపతో వచ్చింది. నేను లేచి ఎదురుగాలి వైపు కూర్చున్నాను. వల లాగేటప్పుడు పాడేదట, ఒకటి పాడింది. ఇది పోలమ్మ పాట, నరసాపురం సంతదని సుబ్బన్నగారే పడవలవాళ్లందరికీ చెప్పారు. అల వెనక్కి గుంజేటప్పుడు పాట ఆగుతుంది, అల వదలగానే అందుకుంటుంది. నా వేళ్లు తాళం వేయబోయి తప్పాయి. ఎనిమిది లెక్కపెడితే ఎప్పుడూ ఒకటి మిగిలేది.

“వేళ్లు ముడవండి పంతులుగారూ,” అన్నారు సుబ్బన్నగారు. “ముందు వినండి. లెక్క ఎక్కడికీ పోదు.”

వేళ్లు ముడిచాను. అప్పుడు పాట నాలోకి వచ్చింది. అంతవరకు నేను పాటలు పాడానుగానీ, వినలేదు.

ఇలా అని ఊరుకుంటే బాగుండేది. తలుపు బాగయ్యాక జమీందారుగారి దగ్గరికి వెళ్లి ఏం పాడానో చెప్పాలి కదా. నా తోడికి ఆయన ఆవులించారు. ఇక లాభం లేదని, పోలమ్మ వరసకు నాలుగు సంస్కృతం ముక్కలు తగిలించి ఎత్తుకున్నాను. ఆయన నిటారుగా కూర్చున్నారు. ఎక్కడిదయ్యా ఈ అపురూపం అంటే, మా గురుపరంపరలోది, బయటివాళ్లకు చెప్పరు అన్నాను. ఉద్యోగం వచ్చింది, పైన పట్టుశాలువా.

ఆ ఏడే జమీందారుగారు రాజమండ్రికి పడవ కట్టించి నన్నూ ఎక్కించారు. లాకు దగ్గరపడుతుంటే ఆయనకు పాట వినాలనిపించింది. ఇంకేదైనా పాడతానంటే వినకుండా ఆయన ఆ పాటే కావాలన్నారు. పాడాను. లాకులో నీళ్లు నిండుతున్నాయి, పడవ లేస్తోంది, సుబ్బన్నగారి మొహం దగ్గరవుతోంది.

“ఎవరి పాటండి, పంతులుగారూ?”

నేను లేచి నిలబడి, శాలువా తీసి అక్కడ పెట్టి, అందరిముందూ నిజం చెప్పానని నలభై ఏళ్లుగా చెబుతున్నాను. కూర్చునే ఉన్నాను. “మా గురువుగారిది,” అన్నాను.

ఆయన కాదనలేదు. తలుపు తీయడానికి మనుషులు సిద్ధంగా ఉంటే చెయ్యెత్తి ఆపారు. “ఇంకా సమం కాలేదండి. కాసేపాగాలి,” అన్నారు. పక్కనే గోడమీద గీత ఉంది. నీళ్లు గీతను ముట్టి నిలిచిపోయాయి. నాకు కనిపిస్తూనే ఉంది. జమీందారు పడవను ఆపి, ఉద్యోగానికి ముప్పు తెచ్చుకుని, ఆ నిజాయితీపరుడు నాకోసం అబద్ధం ఆడుతున్నాడు. నాకు సమయం ఇస్తున్నాడు.

“పోలమ్మది,” అన్నాను. “నరసాపురం సంతలో ఎండుచేపలమ్మే పోలమ్మది.”

“ఇప్పుడు సమమయిందండి,” అని ఆయన తలుపు తీయించారు.

ఆ నిజానికి ఉద్యోగం పోయిందని చెప్పి నేను చాలామంది జాలి సంపాదించాను. పోలేదు. జమీందారుగారు పకపకా నవ్వి, శాలువా మాత్రం దాని సొంతదారుకు ఇచ్చి రమ్మన్నారు. సంతలో పోలమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి గంపమీద కప్పింది.

“మెత్తగానే ఉంది బాబూ. ఆ పాట నాదని ఎవరన్నారు? మా అత్త నూకాలమ్మది.”

మళ్లీ ఆ లాకు దాటినప్పుడు ఆ మాట సుబ్బన్నగారికి చేరవేశాను. ఆయన నెత్తిమీద తువ్వాలు తీసి చేత్తో పట్టుకుని, ఎన్నేళ్లుగానో తప్పు పేరు చెప్పి పంపానండీ అని నొచ్చుకున్నారు. వెనక వస్తున్న ఉప్పు పడవను ఆపి మరీ వాళ్లకు సరైన పేరు చెప్పారు. వాళ్లు పాటే వినలేదు, పాపం.

నిన్న పాడే పెట్టె ఆగాక ప్లీడరుగారు నన్నూ ఒకటి పాడమన్నారు. నూకాలమ్మ పాట ఎత్తుకున్నాను. అందరూ మైమరచిపోయారు. సరే, ఇద్దరు నిద్రపోయారు, గొంతు రెండుచోట్ల విరిగింది. చివర మాత్రం స్పష్టంగానే చెప్పాను: నూకాలమ్మది, పోలమ్మ పాడగా విన్నాను, లస్కరు సుబ్బన్నగారి లాకులో. చెప్పి, వేళ్లు ముడుచుకుని, కాసేపు ఆగాను. ఆయన తలుపు తీయమనేదాకా లేవడం నాకు అలవాటు లేదు.