గురజాల నుంచి వెనక్కి తెచ్చిన యంత్రం

ఉదయం ఏడు గంటలకు నరసరావుపేట బస్టాండులో గురజాల బస్సెక్కాను. ఒళ్ళో ఒకే పెట్టె ఉంది. మెదడు అలలను నమోదు చేసే టోపీ, ల్యాప్‌టాప్ అందులో ఉన్నాయి. తిరిగి వచ్చేటప్పుడూ ఈ ఒక్క పెట్టెతోనే రావాలని నా కోరిక. రెండో పెట్టె, అంటే కళ్ళకు తొడిగే శిక్షణ యంత్రం, ఆరు వారాలుగా గురజాలలో ఆదెమ్మ గారింట్లో ఉంది. అది అక్కడే ఉండాలా, మరో రోగికి వెళ్ళాలా అన్నది ఆనాటి రికార్డింగు తేల్చాలి.

నకరికల్లు దాటాక పక్కసీటు పెద్దావిడ పెట్టెను వేలితో తట్టింది.

"ఏంది అమ్మాయ్, డ్రోనా? మా మిరప చేలో మందు కొట్టాలి."

"కాదండీ, మెదడు ఎలా పనిచేస్తోందో చూసేది."

"అయితే ముందు మా ఆయనకి పెట్టు. చానా ఏళ్ళుగా నాకూ అనుమానమే."

పిడుగురాళ్ళలో టీ కోసం బస్సు ఆగింది. సున్నపు బట్టీల దుమ్ము కిటికీ అద్దాల మీద తెల్లగా పేరుకుంది. తొమ్మిదిన్నరకు గురజాలలో దిగాను.

ఆదెమ్మ గారి మెస్సు బస్టాండుకు దగ్గరే. ముందు గదిలో భోజనాలు, వెనక గదిలో కాపురం. పక్షవాతంతో ఆమె కుడి చెయ్యి పడిపోయినప్పటి నుంచి భర్త కోటయ్య గారే వడ్డిస్తున్నారు. ఆ చెయ్యి తిరిగి గరిట పట్టాలన్నదే ఆమె పట్టుదల.

శిక్షణ పద్ధతి ఇది. యంత్రం తొడుక్కుంటే ఎదురుగా మామిడితోట కనిపిస్తుంది. ఆమె ఎడమ చేత్తో కాయ కోస్తూ, కుడి చేతినీ ఎత్తబోవాలి; కోసింది కుడి చెయ్యి అన్నట్టుగా బొమ్మ చూపిస్తుంది. కుడి చేతిని నడిపించే ఎడమ మెదడు ఆ బొమ్మను చూసి మేల్కొంటుందని మా ఆశ. మేల్కొంటే అక్కడి అలల్లో ఒక లయ సన్నగిల్లాలి.

టోపీ తడిపి పెట్టాను. ఆమె శ్రద్ధగా కాయలు కోసింది. లయ సన్నగిల్లలేదు. మళ్ళీ కోయించాను. గీతలు అలాగే ఉన్నాయి.

"రాలేదా?" అంది ఆదెమ్మ గారు, నా ముఖం చూసి.

"లేదమ్మా."

నరసరావుపేటలోని మా చికిత్సా కేంద్రానికి ఫోన్‌లో ఫలితం చెప్పాను. యంత్రం తెచ్చెయ్యమన్నారు డాక్టరు గారు. మర్నాటికి మరో రోగి ఎదురుచూస్తున్నాడు. రెండు పెట్టెలూ సర్దేసరికి పన్నెండున్నర అయింది. భోంచేయకుండా కదలనివ్వం అన్నారు భార్యాభర్తలిద్దరూ.

కోటయ్య గారు విస్తరేసి అన్నం కుమ్మరించారు.

"ఏందయ్యా ఆ పెట్టడం, గేదెకి కుడితి పోసినట్టు!" అని భార్య వెనక నుంచి గదిమింది. "నెయ్యి మాత్రం ఆగు, నేనేస్తా."

ఆమె నెయ్యి గరిటను కుడి చేతి వేళ్ళ మధ్య ఇరికించుకుని, ఎడమ అరచేతిని ఆ మోచేతి కింద ఆనించి వచ్చింది. మోచేతికి ఊతమే తప్ప గరిటను ఎడమ చెయ్యి తాకలేదు. మణికట్టు వణుకుతూ, తనంతట తానే, కొద్దిగా తిరిగింది. సగం నెయ్యి పప్పు మీద, సగం నా చేతి మీద పడింది.

ముద్ద కలపడం మరచిపోయాను. "తోటలో ఈ చెయ్యి ఎందుకు ఎత్తలేదమ్మా?"

"మామిడికాయ ఏ చేత్తో కోస్తే ఏంది? అన్నం దగ్గర ఎడం చెయ్యి పెడతానా?"

చెయ్యి కడుక్కుని పెట్టె విప్పాను. మళ్ళీ టోపీ పెట్టి, ఖాళీ విస్తరి ముందు గరిట ఇచ్చాను. ఆమె పళ్ళు బిగించి ఎత్తింది. దవడ కండరాల అలజడి తెర నిండా పరుచుకుని, మెదడు అలలను కప్పేసింది. పళ్ళు బిగించవద్దన్నాను. బిగించకపోతే చెయ్యి లేవలేదు. నాలుగోసారికి గరిట జారి పడింది.

డాక్టరు గారికి మళ్ళీ ఫోన్ చేసి చూసినదంతా చెప్పాను. "మీ మాట నమ్ముతానమ్మా. చదవగలిగిన రికార్డు ఉందా?" అన్నారు. లేదు.

మూడు గంటల బస్సుకు కోటయ్య గారు రెండో పెట్టె మోసుకొచ్చారు. ఆదెమ్మ గారు గుమ్మంలో నిలబడి, "మళ్ళా తెస్తే ఆ తోట తీసేసి విస్తళ్ళు పెట్టుకురా. నలుగురు ఆకలిగా కూర్చున్నట్టు ఉండాలి" అంది. తెస్తానని మాటివ్వలేకపోయాను. తోటను చూపించాలన్నది మా నిర్ణయం. ఆమెకు ఏది చూపిస్తే బాగుంటుందని ఆరు వారాల్లో ఎవరమూ అడగలేదు.

పిడుగురాళ్ళ దాటేదాకా రికార్డింగును ముందుకూ వెనక్కూ జరిపి చూశాను. ఆ అలజడి కింద ఏముందో విడదీయడం నాకు సాధ్యం కాలేదు. చేతికి నేతి వాసన మాత్రం ఇంకా ఉంది.

గురజాల వైపు వెళ్ళేవారికి ఒక మనవి. బస్టాండు దగ్గరి ఆ మెస్సులో తినండి. నేతి గరిటతో ఆమె మీ విస్తరి దాకా వచ్చేవరకూ, ఎంత ఆలస్యమైనా, అన్నం కలపకండి.