రోడ్డు ఆగిన చోట

వనువాలేవు దీవిలో, కొండ మలుపు దగ్గర రోడ్డు వేసే కూలీలకు మెరెవోని అనే ఆమె కొబ్బరిపాలలో ఉడికించిన చేప, కర్రపెండలం అమ్మేది. ఎవరెంత తింటారో అడక్కుండానే వడ్డించేది. నవ్వొస్తే మసి చేత్తోనే నోరు మూసుకునేది. ఖజానా ఖాళీ అయిందని ప్రభుత్వం రోడ్డు పని ఆపేసి, నూనె మీద పన్ను పెంచింది. కూలీలు వెళ్లిపోయారు. వాళ్లతోపాటు ఆమె మొగుడూ పళ్లు కోసే పనికి ఆస్ట్రేలియా పోయాడు. అయినా ఆమె రోజూ గిన్నె తెచ్చి అక్కడే కూర్చునేది.

ఒక మధ్యాహ్నం పన్నుల ఆఫీసరు కారు ఆపి కడుపునిండా తిన్నాడు.

"బేరాల్లేకపోతే దేశానికి రాబడెట్లా అక్కా? జనం ఖర్చుపెట్టాలి."

"ఖర్చుపెట్టే జనాన్ని మీరే పంపేశారుగా తమ్ముడూ," అంది మెరెవోని, అతని ఎంగిలి పళ్లెం తీస్తూ.

అతను తలాడించి, ఇంటికి ఇంకో పొట్లం కట్టించుకున్నాడు. ఆ రోజు మొత్తానికి ఆమెకు బేరం అతనొక్కడే; వచ్చిన డబ్బు చేపల ఖర్చుకైనా చాలలేదు. మర్నాడు ఆమె పొయ్యి వెలిగించలేదు.