మడమ చూసి పరిగెత్తిన మనిషి

మా డ్రిల్లు అయ్యవారు పోయారు. మంగళవారం పొద్దున ఆయన అల్లుడు తిరుత్తణి నుంచి రైల్లో వచ్చి, బడి వరండాలో చెప్పులు విడిచి, "మామ పోయినాడయ్యా. నీకు ముందు చెప్పి రమ్మని అత్త పంపించె" అన్నాడు. నా చేతిలో తెలుగు వాచకం అలాగే ఉంది. ఏ పద్యం చెబుతున్నానో మాత్రం గుర్తు రాలేదు.

తిరువళ్లూరు బడిలో మేమిద్దరం పద్దెనిమిదేళ్లు కలిసి పనిచేశాం. ఆయన నాకన్నా పదేళ్లు పెద్ద. నేను "అన్నా" అనేవాణ్ణి, ఆయన నన్ను "అయ్యోరూ" అనేవారు. కనకమ్మ సత్రం అనే ఊరి దగ్గర సేద్యగాళ్ల ఇంట పుట్టి, మద్రాసులో డ్రిల్లు చదువు చదివి వచ్చారు. అక్కడ ఒక అమెరికా దొర ఆయనకు బేస్‌బాల్ నేర్పాడు.

ఆ ఆటలో నాలుగు మూలలుంటాయి. బంతిని కొట్టినవాడు ఒక్కో మూలా తాకుతూ చుట్టి రావాలి. మొదటి మూలలో నిలిచినవాడు, తనవాళ్లెవరూ బంతిని కొట్టకముందే, అవతలివాడు విసిరే అదను చూసుకుని రెండో మూలకు పరిగెత్తవచ్చు. బంతి పట్టినవాడు తనను తాకేలోగా చేరుకుంటే ఆ మూల తనది. దీన్ని దొంగిలించడం అంటారు. మా అయ్యవారికి ఆటలో ఇదొక్కటే ప్రాణం.

దొర చెప్పిన కథలు ఆయన మాకు చెప్పేవారు. ఆ దేశంలో జీతాలు తీసుకుని ఆడే జట్లున్నాయట. మొదట్లో బంతి మెత్తగా ఉండి దూరం పోయేది కాదట. అప్పట్లో గెలుపంతా కాళ్లదే. తర్వాత బంతిని కంచె అవతలికి కొట్టేవాళ్లు వచ్చారు. జనం వాళ్ల వెంట పడ్డారు. దొంగలకు గిరాకీ తగ్గిపోయింది. ఇది చెప్పేటప్పుడు ఆయన గొంతు సొంత చుట్టం చితికిపోయినట్టు దిగిపోయేది.

ఆయన గోనెసంచుల్లో ఊక కుక్కి మైదానంలో నాలుగు మూలలా వేసి, పెద్ద తరగతుల వాళ్లకు ఆట నేర్పారు. "బంతిని చూడొద్దురా. వేసేవాని మడమ చూడు. మడమ లేసిందా, ఇంగ వాడు వెనక్కి తిరగలేడు. నువ్వు పో!" అని అరిచేవారు. నా తరగతిలో కూర్చున్నవాళ్లు కూడా "నేను రెండు దొంగిలించినాను, నువ్వెన్ని?" అని గుసగుసలాడుకునేవారు. నీతిపద్యాలు చెప్పేవాణ్ణి, నాకు ఒళ్లు మండింది. బడిలో దొంగతనం నేర్పుతున్నారని, పేరు పెట్టకుండా ప్రధానోపాధ్యాయులకు అర్జీ రాశాను. మర్నాడే సంచులు సామాన్ల గదిలోకి పోయాయి. అయ్యవారు ఎవరినీ ఏమీ అడగలేదు. పిల్లల చేత కసరత్తులు చేయించారు. నాతో ఎప్పటిలా కాఫీ తాగారు.

యుద్ధం రోజుల్లో శోళవరం దగ్గర కొంతమంది అమెరికా సిపాయిలు దిగారు. ఒక శనివారం ఆయన వచ్చి, "అయ్యోరూ, వాళ్లు ఆడతా వుండారంట. చూసొస్తాం, రా" అన్నారు. బొగ్గుతో నడిచే బస్సులో పోయాం.

సిపాయిలకు ఒక మనిషి తక్కువయ్యాడు. ఆయన ఇంగ్లీషులో ఏదో అడిగారు, వాళ్లు నవ్వుతూనే ఒప్పుకున్నారు. నలభై ఆరేళ్ల మనిషి, పంచె గోచీ బిగించి, ఉత్తకాళ్లతో దిగారు. బంతికి బ్యాటు ఎలాగో తాకించి మొదటి మూల చేరారు. అక్కడినుంచి రెండడుగులు ముందుకు జరిగారు. విసిరేవాడు చటుక్కున తిరిగి మొదటి మూల కాపలావాడికి బంతి పంపాడు. వాడు తాకేలోగా ఆయన వెనక్కి బోర్లా పడి మూల అందుకున్నారు. మూడుసార్లు ఇలాగే జరిగింది. నవ్వులు ఆగిపోయాయి.

నాలుగోసారి మడమ లేచింది. నేనూ చూశాను. ఆయన అప్పటికే సగం దూరంలో ఉన్నారు. బంతి వచ్చేసరికి కుడి తుంటి మీద దుమ్ములో జారి మూల తాకి ఉన్నారు. కొట్టేవాడి వెనక కూర్చుని బంతి పట్టే సిపాయి, తన దేశంలో జీతానికి ఆడినవాడట, ముఖానికున్న ఇనప జాలీ తీసి ఆయన వంక చూశాడు.

అంతటితో ఆగవచ్చు. ఆగలేదు. మూడో మూలకు పరిగెత్తారు. ఈసారి ఆ సిపాయి విసిరిన బంతి ఆయనకన్నా ముందే చేరి కాచుకుని ఉంది. అవుటు. ఆయన లేచి, దుమ్ము దులపకుండా ఆ సిపాయి దగ్గరికి పోయి చేయి పట్టుకుని ఊపారు. తర్వాత నా వైపు పరిగెత్తుకొచ్చారు. "చూసినావా అయ్యోరూ? ఏం పట్టినాడప్పా! నా జన్మలో నన్నెవరూ ఇంత బాగా పట్టలేదు!"

తిరుగు బస్సులో, "అన్నా, ఆ అర్జీ రాసింది నేనే" అన్నాను.

"తెలుసులేప్పా. నీ అక్షరం నాకు తెలీదా?"

"తెలిసీ నన్నెందుకు పిలుచుకొచ్చినావు?"

"నువ్వు ఆట చూడకుండా రాసినావు. చూసినాక ఏం రాస్తావో చూడాలనిపించె." మళ్లీ ఆయనే అన్నారు, "దొంగతనమంటే ఎవరూ చూడకుండా చేసేది. ఇది తొమ్మిది మంది కాపలా వుండంగా, చెప్పి చేసేది."

సోమవారం నేను రెండో అర్జీ రాశాను, పేరు పెట్టి. సంచులు మైదానంలోకి తిరిగొచ్చాయి. ఆ సంగతి మళ్లీ ఆయన ఎత్తలేదు. తప్పు చేసినవాడికి తిరిగి రావడానికి చోటు ఉంచడం ఎలాగో నాకు పద్యాలు నేర్పలేదు, ఆయన నేర్పారు.

ఉద్యోగం విరమించాక తిరుత్తణిలో కూతురి ఊళ్లో ఉన్నారు. పదోరోజు పరామర్శకు పోయాను. వదినమ్మ పెరట్లో ఆయన బట్టలు ఆరేస్తోంది, ఎవరికైనా ఇవ్వడానికి.

"పొద్దున్నే మైదానానికి పోతా వుండె నాయనా, ఒక్కడే. యాడికి అంటే గాలికి అనేది. చూడు, అన్నీ ఒక్కచోటే చిరుగు. కుట్టీ కుట్టీ నా కండ్లు పొయినాయి" అంది.

తాడు మీద ఐదు తెల్లపంచెలు. ఐదింటికీ కుడి తుంటి తగిలే చోట చిన్న చిన్న కుట్లు, వరసలు వరసలుగా. గాలి వచ్చినప్పుడల్లా అవి పొంగి, ముందుకు సాగి, మళ్లీ తాడుకు ఆనుకుంటున్నాయి.