అమ్మ నలుగు, డాక్టరు క్రీము

ఇంగ్లండులో మేముండే రీడింగ్ ఊళ్ళో చలికాలం వచ్చిందని నాకు వాతావరణ వార్తలు చెప్పక్కర్లేదు. మా బాత్‌టబ్బులో నీళ్ళు కిందికి దిగడం మానేస్తే చాలు. శనగపిండి, పెసరపిండి, పసుపు, నువ్వులనూనె కలిసి గొట్టంలో బిగుసుకుపోయాయంటే మా అమ్మ తణుకు నుంచి వచ్చేసిందని, ఆవిడ ఒళ్ళు పొడిబారిందని, ఇక ఏప్రిల్ దాకా నాకు మనశ్శాంతి లేదని అర్థం.

నాన్న పోయినప్పటి నుంచి ఏటా కొన్నాళ్ళు నా దగ్గర ఉంటోంది. ఎండాకాలం రామ్మా, ఇక్కడ హాయిగా ఉంటుంది అంటే వినదు. ఎండాకాలం ఆవకాయ పెట్టుకోవాలట. దసరా వెళ్ళగానే విమానం ఎక్కి వచ్చి, ఇంత చలేవిటే అని నన్ను తిడుతుంది. చలిని నేనే చేసినట్టు!

కిందటేడు మాత్రం సంగతి ముదిరింది. వచ్చిన కొన్నాళ్ళకే కాళ్ళు తెల్లగా పొలుసులు కట్టాయి. మడమలు పగిలాయి. కుడి మడమ మీద ఒక పగులు లోపలికంటా దిగి ఎర్రగా కనిపించింది. అమ్మకి షుగరు ఈనాటిది కాదు. ఆ పగులు చూడగానే డాక్టరు దగ్గరికి పోదాం పదమన్నాను. ఆవిడ లెక్కే చెయ్యలేదు.

“ఇదేవన్నా రోగవటే? చలికి కాళ్ళు పేలాయి. నాలుగు రోజులు నలుగు పెట్టుకుంటే అవే పోతాయి.”

ఆ నలుగు వైభవం చూసి తీరాలి. పొద్దున్నే నూనె వెచ్చబెట్టి ఒళ్ళంతా పట్టించుకుంటుంది. పాత చీర చుట్టుకుని, గది వెచ్చబెట్టడానికి గోడకి బిగించిన రేడియేటరు పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటుంది. ఆ గోడ మీద ఆవిడ వీపు ఆకారంలో ఒక నూనె మరక వెలిసింది. ఇల్లేమో అద్దెది. ఇంటి ఏజెంటు చూడ్డానికి వస్తానన్నప్పుడల్లా నేను ఆ మరకకి అడ్డంగా బీరువా జరపాలి. కాసేపు నూనె నానాక పొగలు కక్కే నీళ్ళు, నలుగుపిండి, బీరపీచు. తోమిందే తోమి, వేలితో రుద్దితే చర్మం కిర్రుమనేదాకా తోమి, “అబ్బ, ఇప్పుడు ప్రాణం లేచొచ్చింది” అంటూ బయటికొస్తుంది. మధ్యాహ్నానికి మళ్ళీ గోకుడు.

దానికి తోడు ఇక్కడ ప్రతి ఆంటీ ఒక డాక్టరే. ఒకావిడ నెయ్యి రాయమంది. ఒకావిడ కలబంద కుండీయే తెచ్చిచ్చింది. మా వీధి చివర హైదరాబాదు ఆంటీ, “గ్లిజరిన్ల రోజ్‌వాటర్ కలిపి పెట్టుమను, రెండు దినాలల్ల తక్కువైతది” అని అభయమిచ్చింది. అమ్మ ఎవర్నీ నొప్పించలేదు. అన్నీ రాసుకుంది. అన్నిటినీ నలుగుపిండితో కడిగేసింది.

ఇలా లాభం లేదని, పొద్దున్నే ఫోను క్యూలో పడిగాపులు పడి, సర్జరీలో, అంటే ఇక్కడి డాక్టరు క్లినిక్కులో, అపాయింట్‌మెంట్ సంపాదించి లాక్కుపోయాను. డాక్టరు చిన్న వయసు పిల్ల, ఓపిగ్గా చూసింది. వేడినీళ్ళు వద్దు, సబ్బులూ పిండ్లూ వద్దు, క్రీము దట్టంగా రాయండి అంది. షుగరున్నవాళ్ళకి పగులులో చీము పట్టిందంటే పాదానికే ప్రమాదం, అశ్రద్ధ చెయ్యొద్దు అని గట్టిగా చెప్పింది. నేను ఒక్కో మాటా తెలుగులో చెప్పాను. అమ్మ శ్రద్ధగా తల ఊపింది. “థాంక్యూ తల్లీ” అని డాక్టరు గడ్డం కూడా పుణికింది. కారెక్కగానే మొదలు.

“నా మనవరాలంత లేదు. దానికేం తెలుసే పాపం!”

అయినా క్రీము వాడింది. పెద్ద పంపు డబ్బా, చూస్తుండగానే తగ్గిపోయింది. ఇంకొకటి తెచ్చాను. నేను మురిసిపోయాను, మా అమ్మ మాట విన్నదని. కాళ్ళు చూస్తే ఎక్కడివక్కడే ఉన్నాయి. పగులు ఇంకాస్త విచ్చుకుంది. డాక్టరు ఫోను చేసి, క్రీము సరిగ్గా వాడుతున్నారా అని అడిగింది. రోజూ వాడుతోందని ఘంటాపథంగా చెప్పాను. మరి ఎందుకు తగ్గట్లేదో ఆ పిల్లకీ అర్థం కాలేదు. పాదాలకి స్పర్శ ఎలా ఉందో పూర్తిగా పరీక్ష చెయ్యడానికి నర్సు దగ్గరికి రమ్మని చెప్పింది. దానికి ఇంకా టైముంది.

ఒక రోజు ఇంట్లోనే పని చేసుకుంటూ, కాఫీకని లేచాను. అమ్మ రేడియేటరు పక్కన కూర్చుని ఉంది, మోకాళ్ళ దాకా తెల్లగా క్రీము మెత్తుకుని. చూసి నా కడుపు నిండింది. అంతలో ఆవిడ లేచి, బాత్రూములోకి వెళ్ళి, గిన్నెలో నలుగుపిండి కలిపి ఆ కాళ్ళకి పట్టించడం మొదలుపెట్టింది.

“అమ్మా! ఏం చేస్తున్నావ్?”

“నలుగు పెట్టుకుంటున్నా, కనపట్టం లేదా?”

“రాసుకున్న క్రీము తీసేస్తున్నావేంటి?”

“తియ్యక? జిడ్డు ఒంటి మీదే ఉంచుకుని తిరుగుతారా ఎవరన్నా?”

ఇన్నాళ్ళూ అదే వరస! మా అమ్మ లోకంలో ఒంటికి ఏది రాసినా అది స్నానానికి ముందే. నూనైనా, వెన్నైనా, డాక్టరిచ్చిన మందైనా సరే, పట్టించాలి, నానాలి, పిండితో పోవాలి. జిడ్డు వదిలితేనే స్నానం. డబ్బాలకి డబ్బాలు క్రీము తెచ్చి నేను పోసింది బాత్‌టబ్బు గొట్టంలో.

“స్నానం చేశాక రాసుకుని అలాగే వదిలెయ్యాలమ్మా!”

“శుభ్రంగా స్నానం చేసి మళ్ళీ జిడ్డు పూసుకోవడవా? ఏం చోద్యవే! ఆ చేతుల్తో దేవుడికి దీపం పెట్టనా?”

అక్కడ నాకు తిక్క రేగింది. “నీ పాదం పోతుందని డాక్టరు మొత్తుకుంటుంటే నీకు జిడ్డు గోలా?” అని ఇల్లు ఎగిరిపోయేలా అరిచాను. ఆవిడేం తక్కువ తిన్లేదు. “ఆ అశుభం మాటలేవిటి? నోరు కడుక్కో ముందు! అలా అరవకు, పక్కింటి దొరలు పోలీసుల్ని పిలుస్తారు” అంది. పక్కింటివాళ్ళు గుంటూరు వాళ్ళు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు.

నెత్తీ నోరూ కొట్టుకోగా చివరికి రాజీ కుదిరింది. స్నానం గోరువెచ్చటి నీళ్ళతో. దీపం, భోజనం అయ్యాక, సీరియల్ చూసే టైములో కాళ్ళకి క్రీము రాసి సాక్సు వెయ్యాలి. దానికీ ఒక షరతు పెట్టింది. “రాస్తే నువ్వే రాయి. నా చేత్తో నేను మాత్రం ఆ పని చెయ్యను.”

శనివారం మధ్యాహ్నం సోఫాలో కూర్చున్నాం. కూతురి ఒళ్ళో కాళ్ళు పెట్టడానికి కాసేపు గునిసింది. ఇద్దరికీ మధ్య తలగడ వేసి, ఆ కాళ్ళు దాని మీదికి నేనే లాక్కున్నాను. ట్యాబ్‌లో సీరియల్ మొదలైంది. అందులో కోడలు ఏదో కుట్ర చేస్తోంది. “చూడు దాని వేషాలు” అంటూ అమ్మ అందులో మునిగిపోయింది.

నేను క్రీము తీసుకుని ఎడమ పాదంతో మొదలుపెట్టాను. వేళ్ళ సందులు వదిలేసి, పాదం మీద, అరికాలికి, మడమకి దట్టంగా రాశాను. చేతులు పని చేస్తున్నా లోపల ఇంకా ఆవిణ్ణి సాధిస్తూనే ఉన్నాను. ఎంత మొండిదీ మనిషి, ఎన్ని డబ్బాలు తగలేసిందీ, నాకెందుకీ ఖర్మ అని. ఎడమ పాదం అయిపోయింది. కుడి మడమ దగ్గర పగులు ఇంకా లోతుగా కనిపించింది. అమ్మ కెవ్వుమంటుంది, ఇక నా పని పడుతుంది అనుకుంటూనే, బొటనవేలితో క్రీము అందులోకి మెల్లగా అదిమాను.

అమ్మ సీరియల్ మీది నుంచి కళ్ళు తిప్పలేదు.

“ఇంకా మొదలుపెట్టవేవే? ఆ డబ్బా నొక్కడానికి ఇంతసేపా?”

నా వేలు ఇంకా ఆ పగులులోనే ఉంది. ఇంకాస్త నొక్కాను. ఆవిడ సీరియల్లో కోడల్ని తిడుతోంది. నా కోపమంతా ఎటు పోయిందో తెలియలేదు. భయం ఒక్కటే మిగిలింది.

“ఇదిగో, ఇప్పుడే మొదలుపెడుతున్నానమ్మా” అన్నాను.