ఫ్యానమ్మ వద్దన్న మాట

ఆవిడకు ఫ్యానమ్మ అని పేరు పెట్టింది బావగారే. తన తమ్ముడు, అంటే ఆవిడ భర్త, పోయి ఇంట్లో కన్నీళ్ళు ఆరకముందే ఆ మహానుభావుడు స్టూడియో తాళాలు మార్చేశాడు. పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియో అది. పని ఆవిడది, చివర్లో తెర మీద పడే పేరు బావగారిది. మంచి కంప్యూటర్ తను అట్టేపెట్టుకుని, మూలపడ్డ పాతదాన్ని ఆవిడ గుమ్మంలో దింపించి, "నీ పనికి ఇది చాల్లేమ్మా" అన్నాడు. ఆ మాట ముల్లులా దిగింది. దిగిన ముల్లును తీసి పారేసే మనిషి కాదు ఆవిడ, రోజూ తడిమి చూసుకునే రకం.

కసంతా ఆ పాతదాని మీదే చూపించింది. ప్రాసెసర్ వేగాన్ని కంపెనీ గీసిన గీత దాటించి, కొంచెం కొంచెంగా పెంచుతూ, పెంచినప్పుడల్లా ఓ పాత పెళ్ళి వీడియోని మొత్తం రెండర్ చేయించి, అంటే ముక్కలన్నీ కలిపి ఒక్క సినిమాగా తయారు చేయించి, వేడి ఎంతకెక్కిందో చూసేది. ప్రాసెసర్‌తో పాటు పెట్టెలో వచ్చిన చిన్న ఫ్యానే దిక్కు. అందుకని ప్రాసెసర్ వేడిని ఫ్యానుకి అందించే పేస్టు ఎండిపోతే, గీకేసి కొత్తది రాసింది. క్యాబినెట్ పక్కరేకు ఊడదీసి, ఇంట్లో ఉన్న ఒకే ఒక్క టేబుల్ ఫ్యాను దానికి పెట్టి, తను చెమటలు కక్కుతూ కూర్చునేది. ఆ సంగతి తెలిసే బావగారు పగలబడి నవ్వి పేరు తగిలించాడు.

ర్యామ్ మాత్రం ససేమిరా అంది. కాస్త వేగం పెంచితే చాలు, తెర నల్లబడేది. బోర్డు మీది బిళ్ళ బ్యాటరీ ఊడదీసి మళ్ళీ పెడితే గానీ లేచేది కాదు. ఓసారి లేచినట్టే లేచి, సగం రెండర్ అయ్యాక పని మొత్తం గంగలో కలిపింది. దానికో దణ్ణం పెట్టి, దాని మానాన దాన్ని వదిలేసింది.

ఆ తర్వాత పొద్దున జరిగిన పెళ్ళిని సాయంత్రం విందులోనే తెర మీద చూపించసాగింది. ఫంక్షన్ హాలు యజమాని ఇక ఆవిడనే పిలవడం మొదలుపెట్టాడు. బావగారికి ఎడిటింగులో చెయ్యి తిరగదు, కానీ ఆ నేరం కంప్యూటర్ మీదికి తోశాడు. ఈలోగా ఆయన కూతురి పెళ్ళి ముంచుకొచ్చింది. ఆ సినిమా తానే చేసి ఆ సాయంత్రమే చూపిస్తానని చుట్టాలందరి దగ్గరా డప్పు కొట్టుకున్నాడు. ఇక తప్పక మరదలి గుమ్మం తొక్కాడు.

"ఏమ్మా, ఆ సెట్టింగులేవో నాకూ చెప్పు. మనలో మనకి దాపరికాలేంటి?"

"అయ్యో, దాందేముంది బావగారూ, రాసుకోండి."

ఉన్నదున్నట్టు చెప్పింది. ఒక్క అంకె కూడా అబద్ధం కాదు. ఒక ప్రాసెసర్ తట్టుకున్న వేగం ఇంకోటి తట్టుకోవాలని లేదన్న ముక్క మాత్రం మింగేసింది. చివర్లో కాస్త తటపటాయించినట్టు చూపు పక్కకు తిప్పుకుని, "ర్యామ్ జోలికి మాత్రం వెళ్ళకండి" అంది.

అదీ నిజమే. కాకపోతే వద్దన్న పని ముందు చెయ్యడం ఆయన పుట్టుబుద్ధి. అసలు కిటుకేదో దాస్తోందని ఆయన కళ్ళు మెరిశాయి. ఆ మెరుపు చూసి ఆవిడ ప్రాణం లేచొచ్చింది.

పెళ్ళిరోజు ఆవిడ కూడా తన కెమెరా పట్టుకుని తిరిగింది. మధ్యాహ్నం ఇంటికెళ్ళి పని కానిచ్చుకుని వచ్చింది. సాయంత్రం విందులో తెర తెల్లగా ఉండిపోయింది. బావగారు ర్యామ్ వేగం పెంచనే పెంచాడు. చిన్న ముక్క పెట్టి చూస్తే దూసుకుపోయిందట, మురిసిపోయాడట. పెద్ద సినిమా పెట్టేసరికి, స్టూడియోలో అద్దాల అల్మరాలో ఊపిరాడని కంప్యూటర్ మధ్యలోనే చతికిలబడింది. చుట్టాలందరి ముందూ తెల్లమొహం వేసుకుని నిలబడ్డ ఆయన్ని ఫ్యానమ్మ కళ్ళారా చూసింది. కడుపు నిండిపోయింది.

అప్పుడు తాపీగా లేచి, సంచిలోంచి పెన్‌డ్రైవ్ తీసి హాలు యజమాని చేతిలో పెట్టింది. "ఎందుకైనా మంచిదని నేనూ ఒకటి చేసి ఉంచానండీ."

తెర వెలిగింది. పెళ్ళికూతురు గబగబా వచ్చి ఆవిడ పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. చిన్నప్పుడు ఈవిడ ఒళ్ళో కూర్చునే ఎడిటింగ్ చూస్తూ పెరిగిన పిల్ల. కాసేపు కళ్ళు తుడుచుకుంటూ చూసింది.

"పిన్నీ, ర్యామ్ ముట్టుకోవద్దని నాన్నకి నువ్వే చెప్పావట కదా?"

"చెప్పానమ్మా. ఆయన వింటేగా!"

"వద్దంటే నాన్న అదే చేస్తాడని నాకు తెలుసు. నీకు తెలీదా పిన్నీ?"

ఫ్యానమ్మ చూపు తెర మీదికి తిప్పుకుంది. పిల్ల తన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుంది.

సినిమా చివర బావగారి కళ్ళ ముందే ఆవిడ పేరు తెర నిండా పడింది. హాలంతా చప్పట్లు మోగాయి. బావగారు కొట్టలేదు, అది చూడ్డానికే ఆవిడ ఇంత చేసింది. పక్కన పెళ్ళికూతురి చేతులు కూడా ఒళ్ళోంచి లేవలేదు.